92 టేపులు: సీఐఏ విచారణ వీడియోలు ఎలా మాయమయ్యాయి, శిక్ష ఎందుకు పడలేదు

పాతఫైలు
సీఐఏ (అమెరికా గూఢచారి సంస్థ) నాశనం చేసిన విచారణ టేపుల విషయం వచ్చినప్పుడల్లా రెండు పొరపాట్లు తిరుగుతుంటాయి. ఒకటి, పోయినవి గ్వాంటనామోలో (క్యూబాలోని అమెరికా సైనిక జైలు) తీసిన వీడియోలని. రెండు, ఇరాక్‌లోని అబూ ఘ్రైబ్ జైలు ఫొటోలతో కలిపేయడం. రెండూ కావు. వరస ఇక్కడ పెడుతున్నాను, తర్వాత కొట్టుకుందాం.

2002 మార్చి 28న పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్‌లో, అల్ ఖైదా ముఖ్యుడని అమెరికా అనుమానించిన అబూ జుబైదా పట్టుబడ్డాడు. ఆ దాడిలోనే తూటా గాయాలయ్యాయి. థాయ్‌లాండ్‌లో ఉన్న సీఐఏ రహస్య కేంద్రానికి తీసుకెళ్లారు, ఏప్రిల్‌లో వీడియో తీయడం మొదలైంది. అతను చేతుల్లోనే చనిపోతే వైద్యం చేశామని చూపించుకోవడానికి ఆధారం కావాలన్నది ఒక కారణం. అంటే కెమెరా పెట్టింది ఖైదీ కోసం కాదు, తమ రక్షణ కోసం. ఆ ఏడాది అక్టోబరులో దుబాయ్‌లో దొరికిన అల్ నషీరీని (యూఎస్‌ఎస్ కోల్ యుద్ధనౌక దాడి నిందితుడు) నవంబరులో అక్కడికే తెచ్చారు. డిసెంబరులో ఆ కేంద్రం మూతపడింది, రికార్డింగ్ ఆగింది.

మొత్తం 92 టేపులు. 90 జుబైదావి, 2 నషీరీవి. వాటిలో కఠిన పద్ధతులు కనిపించేవి 12 అని 2009 మార్చిలో ప్రభుత్వమే కోర్టుకు చెప్పింది.

2005 నవంబరు 2: రహస్య జైళ్ల మీద వాషింగ్టన్ పోస్ట్ కథనం. నవంబరు 8: రహస్య కార్యకలాపాల అధిపతి జోస్ రోడ్రిగేజ్ అనుమతితో, టేపులు నాశనం చేయమని కేబుల్ (సంస్థ లోపలి రహస్య సందేశం) వెళ్లింది. నవంబరు 9: టేపులు ముక్కలయ్యాయి. 2007 డిసెంబరు 6న న్యూయార్క్ టైమ్స్ కథనం బయటికి రాబోతుండగా, డైరెక్టర్ మైకేల్ హేడెన్ తన సిబ్బందికి సందేశం పంపి ఒప్పుకున్నారు. ఆ రెండేళ్లూ ఏ కోర్టుకూ తెలియదు.

ప్రశ్నలపుట్ట
వాటర్‌బోర్డింగ్ (ముఖం మీద గుడ్డ కప్పి నీళ్లు పోసి ఊపిరాడకుండా చేయడం) లాంటివి ఉన్నది 12 లోనే అయితే మిగతా 80 ఎందుకు నాశనం చేసినట్టు? వాటిలో ఏముంది?

కాగితంపులి
చాలావరకు గదిలో ఖైదీ ఉండటం, మామూలు ప్రశ్నలు, అంతే. కానీ ప్రశ్న తిరగేసి చూడండి. 80 టేపుల్లో ఏమీ లేకపోతే అవి ఉంచితే ఎవరికి నష్టం?

ఇంకో సంగతి. నాశనం చేయాలన్న ఆలోచన 2005లో పత్రికా కథనం చూసి పుట్టింది కాదు. 2002 సెప్టెంబరు 5నే హెడ్‌క్వార్టర్స్‌లో ఈ టేపులు ఏం చేద్దామని కూర్చుని మాట్లాడారు. అక్టోబరు 25 నాటి కేబుల్‌లో అది రాసి ఉంది: ఉంచడం భద్రతకు ప్రమాదం, నాశనమే మేలు, ఇకనుంచి రోజుకొక టేపు వాడి, మర్నాడు దాని మీదే తిరిగి రికార్డు చేయండి. జుబైదాపై వాటర్‌బోర్డింగ్ జరిగింది 2002 ఆగస్టులో. అంటే నెల తిరక్కుండానే చెరిపే మాట వచ్చింది. పత్రికలో వచ్చింది కాబట్టి ఖంగారులో చేశారనే వాదనను కొట్టేయడానికి ఈ ఒక్క కాగితం చాలు.

సీఐఏ ఇన్‌స్పెక్టర్ జనరల్ (సంస్థ లోపలి తనిఖీ అధికారి) జాన్ హెల్గర్సన్ మనుషులు 2003 మేలో ఆ టేపులు స్వయంగా చూశారు. 2004 మే 7 నాటి ఆయన నివేదికలో లెక్క ఇదీ: 11 టేపులు ఖాళీ. మరో రెండింటిలో ఒకటి రెండు నిమిషాలు తప్ప ఏమీ లేదు. ఇంకో రెండు విరిగిపోయి చూడటానికి పనికిరాలేదు. లాగ్ పుస్తకాలతో, కేబుళ్లతో పోల్చి చూస్తే 21 గంటల ఖాళీ తేలింది, అందులో రెండు వాటర్‌బోర్డింగ్ దఫాలున్నాయి. అంటే 2005కి ముందే కొంత సాక్ష్యం లేదు. ఈ ముక్క చాలామంది పట్టించుకోరు.

అసలు కీలకం మరోటి. 2002 ఆగస్టు 1 నాటి న్యాయశాఖ మెమో (జే బైబీ సంతకం, రాసినవారిలో జాన్ యూ) పద్ధతిని కొలతలతో సహా చెప్పింది: గుడ్డ మీద 12 నుంచి 24 అంగుళాల ఎత్తు నుంచి నీళ్లు, 20 నుంచి 40 సెకండ్ల వరకు గాలి అందకుండా. టేపుల్లో కనిపించింది దానికి భిన్నంగా ఉందని హెల్గర్సన్ తేల్చారు. ముక్కు, నోరు కప్పిన గుడ్డ మీద పెద్ద మొత్తంలో నీళ్లు పోశారు. ఎన్నిసార్లు చేశారన్నదీ తేడాయే: కనీసం 83 సార్లు. ఏజెన్సీ రక్షణ అంతా ఆ మెమో మీదే నిలబడింది. మెమోలో ఉన్నదే చేశారా లేదా అని తూకం వేయగలిగిన వస్తువు ఆ టేపులే.

అట్లాంటా రావు
మీరంతా ఒక పక్షమే చూస్తున్నారు. ఆ టేపుల్లో అధికారుల ముఖాలు ఉన్నాయి. బయటికొస్తే అల్ ఖైదా వాళ్ల కుటుంబాల మీద పడదా? రోడ్రిగేజ్ చెప్పిన కారణం కూడా అదే కదా. రహస్య సంస్థను మున్సిపల్ ఆఫీసులా నడపమంటే ఎలా?

పాతఫైలు
రావుగారూ, ముఖాల భయం నిజమే, ఎవరూ కాదనడం లేదు. కానీ దానికి మందు ముఖాలు మసకబరచడం, గొంతు మార్చడం. అసలు టేపును హెడ్‌క్వార్టర్స్ ఇనప్పెట్టెలో పెట్టి, చూసినవాళ్ల పేర్లు రిజిస్టరులో రాయించడం. ఆ సంస్థలో ఇంతకంటే సున్నితమైన కాగితాలు దశాబ్దాల తరబడి ఉన్నాయి, అవన్నీ ముక్కలు చేయలేదు. పైగా 2010లో బయటికొచ్చిన అంతర్గత ఈమెయిల్ (2005 నవంబరు 10 నాటిది) చూడండి. టేపులు బయటపడితే వచ్చే గోలతో పోలిస్తే నాశనం చేసినందుకు వచ్చే వేడి ఏపాటి అని రోడ్రిగేజ్ అన్నట్టు అందులో ఉంది. ముఖాల గురించి భయపడే మనిషి మాటలా అవి?

ఇంకోటి. ప్రతినిధుల సభ ఇంటెలిజెన్స్ కమిటీ సభ్యురాలు జేన్ హార్మన్ 2003 ఫిబ్రవరి 10నే సీఐఏకి లేఖ రాశారు, టేపులు నాశనం చేసే ఆలోచన మానుకోమని. చట్టప్రకారం అది అధికారిక రికార్డు కాకపోయినా సరే, రాతపూర్వక రికార్డు మీద రేపు అనుమానం వస్తే అది నిజమని చూపే మేలైన రుజువు టేపే అన్నది ఆమె వాదన. ఆమె రాసింది ఏజెన్సీ మేలు కోరే! జవాబు వచ్చింది గానీ అందులో టేపుల మాట లేదు.

సెక్షన్_201
ఇక చట్టం సంగతి. "కోర్టు ఉత్తర్వు ఉండగా ఎలా చేశారు" అని అందరూ అడుగుతారు. ఉత్తర్వులు ఒకటి కాదు, ఉన్నాయి. కానీ ప్రతిదానికీ ఒక సందు ఉంది, ఆ సందులోంచే బయటపడ్డారు. విడివిడిగా చూడాలి.

మొదటిది న్యూయార్క్ కోర్టు. పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ 2003 అక్టోబరులో సమాచార దరఖాస్తు పెట్టి, 2004 జూన్‌లో దావా వేసింది. జడ్జి ఆల్విన్ హెలర్‌స్టీన్ 2004 సెప్టెంబరు 15న ఆదేశించారు: ఖైదీల పట్ల ప్రవర్తనకు సంబంధించిన రికార్డులు ఇవ్వండి, లేదా ఫలానావి ఉన్నాయని జాబితా అయినా ఇవ్వండి. సీఐఏ జవాబు: ఇవి మా 'ఆపరేషనల్ ఫైళ్లు', 1984 చట్టం కింద వాటిని వెతకాల్సిన పనే లేదు. అయితే ఆ చట్టంలోనే మినహాయింపుకి మినహాయింపు ఉంది. ఇన్‌స్పెక్టర్ జనరల్ విచారణలో వాటిని పరిశీలిస్తే రక్షణ పోతుంది. హెల్గర్సన్ మనుషులు వెళ్లి చూశారు కాబట్టి ఆ టేపులు జాబితాలో ఉండాల్సిందేనని 2008లో జడ్జి అన్నారు. అప్పటికి టేపులు లేవు.

రెండోది వాషింగ్టన్ కోర్టు. 2005 జూన్‌లో జడ్జి హెన్రీ కెనెడీ సాక్ష్యాలు కాపాడమని ఉత్తర్వు ఇచ్చారు. కానీ ఆ వాక్యం "ఇప్పుడు గ్వాంటనామోలో ఉన్న ఖైదీల" గురించి. జుబైదా, నషీరీ ఆ రోజు అక్కడ లేరు. నిజానికి 2003 సెప్టెంబరు నుంచి 2004 మార్చి వరకు వాళ్లను గ్వాంటనామోలోనే ఉంచి, ఖైదీలకు కోర్టు తలుపు తెరిచే సుప్రీంకోర్టు తీర్పు 2004 జూన్‌లో వచ్చేలోపే బయటికి తరలించారు. తిరిగి తెచ్చింది 2006 సెప్టెంబరులో. ఉత్తర్వు రాసిన రోజుకీ టేపులు పోయిన రోజుకీ వాళ్లు మరో దేశంలో. "ఇప్పుడు" అనే ఒక్క మాట వల్ల ఉత్తర్వు వాళ్లకు తగల్లేదు.

మూడోది వర్జీనియా కోర్టు, 9/11 కుట్ర నిందితుడు ముసావీ కేసు. ఇదీ నన్ను ఎక్కువ కలవరపెట్టేది. విచారణల ఆడియో గానీ వీడియో గానీ ఉందా అని జడ్జి లియోనీ బ్రింకెమా 2005 నవంబరు 3న అడిగారు. లేవని ప్రభుత్వం నవంబరు 14న చెప్పింది. మధ్యలో 9వ తేదీ ఉంది! కోర్టు అడిగిన ఖైదీల టేపులు కావు అవి అన్నది ఏజెన్సీ సాకు. సరే అనుకుందాం. 2007 అక్టోబరు 25న ప్రాసిక్యూటర్లే ఉత్తరం రాశారు: రెండు వీడియోలు, ఒక ఆడియో సీఐఏ దగ్గర ఉన్నట్టు ఇప్పుడు తెలిసింది అని. అంటే 2005 జవాబు ఎలా చూసినా తప్పే. ముసావీకి 2006 మేలోనే జీవితఖైదు పడిపోయింది. ఆ మూడూ మరో 9/11 నిందితుడు రమ్జీ బినల్‌షిబ్‌ను మొరాకోలో ప్రశ్నించినప్పటివని, ఒక టేబుల్ కింద దొరికాయని అసోసియేటెడ్ ప్రెస్ 2010లో రాసింది.

నాలుగోది కోర్టు కాదు, 9/11 కమిషన్. జైలు విచారణల సమాచారం, పత్రాలు, ఖైదీలను కలిసే అవకాశం, అన్నీ అడిగారు. "టేపులు కావాలని ప్రత్యేకంగా అడగలేదుగా" అన్నారు తర్వాత. ఉందని తెలియని వస్తువును పేరుపెట్టి ఎవరడుగుతారు? తమ పనికి అడ్డుతగిలారని అధ్యక్షుడు థామస్ కీన్, ఉపాధ్యక్షుడు లీ హామిల్టన్ 2008 జనవరి 2న పత్రికాముఖంగా రాశారు.

ప్రశ్నలపుట్ట
అంటే ప్రతి ఒక్కరూ తమకు తగ్గ ప్రశ్నే అడిగారు, ఏ ప్రశ్నా టేపు దాకా వెళ్లలేదు. లాయర్లు ఏం చేశారు మరి? సీఐఏలో లాయర్లకు కొదవా?

సెక్షన్_201
కొదవ లేదు, అదే తమాషా. రోడ్రిగేజ్ తన కింద ఉన్న లాయర్లను రెండు ప్రశ్నలడిగాడు: నాకు ఈ అధికారం ఉందా? చట్టపరంగా అడ్డుందా? అధికారం ఉంది, అడ్డు లేదు అన్నది వచ్చిన జవాబు. "చేయవచ్చా" అన్నదానికి జవాబు అది, "చేయాలా" అని ఆయన అడగలేదు. వైట్‌హౌస్ లాయర్లకూ, తాత్కాలిక జనరల్ కౌన్సిల్ జాన్ రిజ్జోకీ ఈ ఆలోచన ఎప్పటినుంచో తెలుసు, వద్దన్నట్టే ఉన్నారు. కానీ టేపులు నాశనం చేసిన సంగతి రిజ్జోకి పని అయిపోయాకే చెప్పారు. ఆయన మండిపడ్డాడని ఆ ఈమెయిళ్లలోనే ఉంది.

కేబుల్ ముసాయిదా రాసింది అప్పుడు రోడ్రిగేజ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జీనా హాస్పెల్. 2011లో మైకేల్ మోరెల్ చేసిన శాఖాపరమైన సమీక్ష ఆమె తప్పేమీ లేదని తేల్చింది, పైఅధికారి చెప్పింది రాశారని. 2018 మే 17న 54-45 ఓట్లతో ఆమె సీఐఏ డైరెక్టర్ అయ్యారు.

అట్లాంటా రావు
డర్హమ్ దర్యాప్తు చేసి కేసు లేదన్నాడు కదా? దాదాపు మూడేళ్లు తవ్వాడు. నేరం ఉంటే పెట్టేవాడు.

సెక్షన్_201
ప్రాసిక్యూటర్ జాన్ డర్హమ్‌ను ఈ టేపుల దర్యాప్తుకు అటార్నీ జనరల్ ముకేసీ 2008 జనవరి 2న నియమించారు. న్యాయశాఖ "అభియోగాలు లేవు" అని ప్రకటించిన తేదీ 2010 నవంబరు 9. ఈ తేదీ చూడండి. ఫెడరల్ నేరాలకు సాధారణ కాలపరిమితి ఐదేళ్లు. టేపులు పోయింది 2005 నవంబరు 9న. గడువు తీరే రోజునే ప్రకటన! కారణాలతో కూడిన నివేదిక ప్రజల ముందు పెట్టలేదు. కాబట్టి "నేరం లేదు" అని తేలిందనడం సరికాదు, "అభియోగం పెట్టలేదు" అంతే.

ఎందుకు కష్టమో మాత్రం ఊహించొచ్చు. సాక్ష్య నాశనపు సెక్షన్ 1512(సి)లో "దురుద్దేశంతో" అని నిరూపించాలి. 2005 మే 31న ఆర్థర్ ఆండర్సన్ తీర్పులో సుప్రీంకోర్టు దానికి పక్కనే ఉన్న సెక్షన్ మీద మాట్లాడుతూ, తప్పు చేస్తున్నానని తెలిసి చేయాలి, ఏదో ఒక ప్రత్యేక ప్రొసీడింగ్‌ను దృష్టిలో పెట్టుకుని చేసి ఉండాలి అని గట్టిగా బిగించింది. లాయర్ల సలహా చేతిలో ఉన్న అధికారి దురుద్దేశాన్ని జ్యూరీ ముందు నిరూపించడం కొండను పిండి చేయడమే. 2002లో వచ్చిన సెక్షన్ 1519కి పెండింగ్ కేసు అక్కర్లేదు, 20 ఏళ్ల దాకా శిక్ష. నా మట్టుకు అది సరిపోయేది. దానికీ ఉద్దేశం నిరూపించాల్సిందే అనుకోండి.

హెలర్‌స్టీన్ 2011లో కోర్టు ధిక్కారం కింద శిక్షించలేదు. ఏజెన్సీ కొత్త భద్రపరిచే నియమాలు రాసుకుంది, ఏసీఎల్‌యూ లాయర్ల ఖర్చులు చెల్లించమన్నారు. మొత్తం వ్యవహారంలో తగిలిన దెబ్బ అంతే.

కాగితంపులి
ఒక అనుకోని ఫలితం కూడా చెప్పుకోవాలి. టేపులు పోయాయని తెలిశాకే సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ వాటి గురించి అడిగింది. టేపుల్లో ఉన్నదంతా కేబుళ్లలో ఉంది, చూసుకోండి అన్నారు హేడెన్. సిబ్బంది కూర్చుని చదివారు. 2009 ఫిబ్రవరిలో కమిటీకి చెప్పినది విని, మార్చి 5న 14-1 ఓట్లతో పూర్తి అధ్యయనం మొదలైంది. 60 లక్షలకు పైగా పేజీలు, 6,700 పేజీలు దాటిన నివేదిక, 2014 డిసెంబరు 9న విడుదలైంది సారాంశం మాత్రమే. 119 మంది ఖైదీలు, వాళ్లలో కనీసం 26 మందిని పట్టి ఉంచాల్సిన అర్హతే లేదని తేలింది. టేపులు ఉంచి ఉంటే ఇంత తవ్వేవాళ్లా అని నాకు అనుమానం.

కానీ కేబుల్ టేపుకి బదులు కాదు. కేబుల్ రాసేది ఆ గదిలో ఉన్న మనిషి. ఎంత నీళ్లు, ఎంతసేపు, వాంతి అయ్యాక ఎంత విరామం, డాక్టర్ ఎప్పుడు అడ్డుకున్నాడు, ఇవి రాసేవాడి దయ. 2002 చివర్లో సీఐఏ లాయరు ఒకరు టేపులన్నీ చూసి కేబుళ్లతో సరిపోయాయన్నారు. అవే టేపులు చూసి ఐదారు నెలలకే ఇన్‌స్పెక్టర్ జనరల్ మనుషులు 21 గంటల ఖాళీ పట్టుకున్నారు. ఇద్దరు చూస్తే రెండు నివేదికలు వచ్చాయి. మూడో మనిషి చూసి తేల్చడానికి ఇప్పుడు వస్తువు లేదు.

కేబుళ్లకూ అదే గతి పట్టబోయింది. సెనేట్ సిబ్బంది కోసం ఇచ్చిన కంప్యూటర్లలోంచి 2010 ఫిబ్రవరిలో సుమారు 870 పత్రాలు, మేలో మరో 50 వరకు మాయమయ్యాయని ఆ కమిటీ అధ్యక్షురాలు డయాన్ ఫైన్‌స్టీన్ 2014 మార్చి 11న సభలోనే చెప్పారు. ఆ కంప్యూటర్లలోకి ఏజెన్సీ ఉద్యోగులు ఐదుగురు అక్రమంగా చొరబడ్డారని జులైలో సీఐఏ ఇన్‌స్పెక్టర్ జనరలే తేల్చారు. డైరెక్టర్ బ్రెన్నన్ క్షమాపణ చెప్పారు.

నిజాంపేట నాని
అమెరికా దాకా ఎందుకన్నా, మన ఎస్‌ఐబీ (తెలంగాణ పోలీసు నిఘా విభాగం) హార్డ్ డిస్కుల సంగతి చూడు. ఎలక్షన్ రిజల్ట్ రాంగనే నాశనం చేసిన్రని కేసు పెట్టిన్రు కదా, పంజాగుట్టల

మోడరేటర్
నానిగారూ, అది తీవ్రవాద విచారణల కేసు కాదు, ఫోన్ ట్యాపింగ్ కేసు. ఇంకా కోర్టు తేల్చాల్సిన ఆరోపణలు. నిందితుల పేర్లు ఇక్కడ వద్దు. దానికి వేరే దారం తెరవండి. మన చట్టం ఏం చెబుతుందో మాట్లాడుకోవడానికి మాత్రం అభ్యంతరం లేదు.

సెక్షన్_201
చట్టం మట్టుకే చెబుతాను. కోర్టులో చూపించకుండా పత్రాన్నో ఎలక్ట్రానిక్ రికార్డునో నాశనం చేస్తే భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 241 (పాత ఐపీసీ 204), మూడేళ్ల వరకు. ఇక్కడ ఉచ్చు ఉంది. ఏడాదికి మించి మూడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాలకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 514 కింద మూడేళ్లలోనే కోర్టులో ఫిర్యాదు దాఖలవ్వాలి, లేదా ఎఫ్‌ఐఆర్ నమోదవ్వాలి. అమెరికాలో ఐదేళ్లు పట్టిన ఆట ఇక్కడ మూడేళ్లలో అయిపోతుంది. న్యాయం కోసం గడువు పొడిగించే అధికారం 519లో ఉంది, కానీ అడగాలి, కారణం చూపాలి. అదే నేరగాణ్ని కాపాడటానికి సాక్ష్యం మాయం చేస్తే బీఎన్‌ఎస్ 238 (పాత ఐపీసీ 201). దాచిన నేరం మరణశిక్ష పడేదైతే ఏడేళ్ల వరకు శిక్ష, అప్పుడు కాలపరిమితి లేదు. ఫిర్యాదులో ఏ సెక్షన్ రాశారన్నది అందుకే ముఖ్యం. అధికారి మీద అయితే బీఎన్‌ఎస్‌ఎస్ 218 కింద ప్రభుత్వ అనుమతి. 120 రోజుల్లో తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క, ఇది కొత్త చట్టంలో వచ్చింది.

వీడియో సంగతి: పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు స్టేషన్లతో పాటు ఎన్‌ఐఏ, సీబీఐ, ఈడీ లాంటి చోట్లా కెమెరాలు పెట్టమంది. రాత్రి కనిపించాలి, శబ్దం వినిపించాలి, నిల్వ 18 నెలలు. అంత నిల్వ చేసే పరికరం దొరక్కపోతే వీలైనంత ఎక్కువ, కానీ ఏడాదికి తగ్గకూడదు. కాబట్టి కస్టడీ హింస ఆరోపణ ఉంటే బెయిలు దాకా ఆగకండి. మొదటి వారంలోనే ఫుటేజీ భద్రపరచమని అర్జీ వేయాలి.

ప్రశ్నలపుట్ట
అర్జీలో ఏం రాయాలి? ఆ "ఇప్పుడు" లాంటి సందులు పడకుండా.

సెక్షన్_201
"సీసీటీవీ ఫుటేజీ" అని ఊరుకోవద్దు. ఏ కెమెరా, ఏ తేదీ ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, డీవీఆర్, దానిలోని డిస్క్, బ్యాకప్, లాగ్, జనరల్ డైరీ, అన్నీ పేరుపేరునా రాయండి. ఖైదీ "ఎక్కడున్నాడు" అన్నదానికి కట్టకండి, "ఎప్పుడు, ఎక్కడ ఉంచినా" అని ఉండాలి. శాఖ చేతిలో ఉన్నవే కాక కాంట్రాక్టరు, మరో శాఖ, మరో రాష్ట్రం దగ్గర ఉన్నవీ. పేరుతో బాధ్యుడైన ఒక అధికారి, ఆయన నుంచి ఇన్ని రోజుల్లో ప్రమాణపత్రం. ఏదైనా చెరిపేముందు కోర్టుకు రాతపూర్వక నోటీసు. అన్నిటికంటే ముఖ్యం, "ఉన్నాయా, ఎప్పుడైనా ఉండేవా, ఇప్పుడు ఎక్కడున్నాయి, లేకపోతే ఎవరి ఆదేశంతో ఎప్పుడు పోయాయి" అని నాలుగు ప్రశ్నలు విడివిడిగా. బ్రింకెమాకు "లేవు" అన్న ఒక్క జవాబుతో తప్పించుకోగలిగారంటే రెండో ప్రశ్నా నాలుగో ప్రశ్నా అక్కడ లేకపోవడం వల్లే.

కాపీ తీసుకున్న రోజే హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తింపు సంఖ్య) రాయించుకోండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) సర్టిఫికెట్‌కు రెండు భాగాలు, ఏ భాగం రికార్డు దాఖలు చేసే పక్షం, బీ భాగం నిపుణుడు నింపాలి. హాష్ గడి ఖాళీగా వదిలేస్తే అవతలి లాయరు పట్టుకునేది మొదట దాన్నే.

అట్లాంటా రావు
ఒప్పుకుంటాను, ముఖాల వాదన 92 టేపులకూ సరిపోదు. కానీ ఇప్పుడు ఏం తేడా? ఇరవై ఏళ్లు దాటింది. నషీరీ ఇంకా గ్వాంటనామోలోనే ఉన్నాడు కదా.

పాతఫైలు
ఉన్నాడు, తేడా అక్కడే తెలుస్తోంది. యూఎస్‌ఎస్ కోల్ మీద 2000 అక్టోబరులో జరిగిన దాడిలో 17 మంది నావికులు చనిపోయారు, మరణశిక్ష కోరుతున్న కేసు. 2007లో గ్వాంటనామోలో ఫెడరల్ ఏజెంట్లకు అతనిచ్చిన వాంగ్మూలమే ప్రాసిక్యూషన్‌కు బలం. "శుభ్రమైన బృందం" తీసుకున్నది కాబట్టి పాత హింసతో సంబంధం లేదన్నది వాళ్ల వాదన. 2023 ఆగస్టు 18న సైనిక జడ్జి లానీ అకోస్టా దాన్ని తోసిపుచ్చారు, ఆ వాంగ్మూలం హింస ఫలితమేనన్నారు. అది తేల్చడానికి ఆయన ముందు టేపు లేదు. కేబుళ్లు, సారాంశాలు, విచారణాధికారిగా పనిచేసిన మనస్తత్వవేత్త జేమ్స్ మిచెల్ 2022లో చెప్పిన సాక్ష్యం ఉన్నాయి. కోల్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలు తీర్పు కోసం ఎదురుచూడబట్టి ఇరవై ఏళ్లు దాటింది. టేపులు పోవడం వల్ల నష్టపోయిన వాళ్ల జాబితా రాస్తే, అందులో ఖైదీల లాయర్లతో పాటు వాళ్ల పేర్లూ ఉండాలి.